మూలుగకు వచ్చు వ్యాధి

ఎముకల లోపలి మెత్తని పదార్థమును మన ఇండ్లలో మూలుగ యందురు. ఆయుర్వేదము దీనిని మజ్జ యని పేర్కొని, సప్తధాతువులలో నొకటిగా లెక్కించినది. మన నెత్తురులోని కణములు పుట్టునది ఇచ్చటనే. పిల్లలకు వచ్చు క్యాన్సర్లలో మిక్కిలి తరచైన ల్యుకేమియా ఈ మూలుగకు సంబంధించిన వ్యాధియే. దానిని గూర్చి విద్యార్థులును తల్లిదండ్రులును తెలిసికొనవలసిన సంగతులను వివరింపదలచితిమి.

క్యాన్సరనగానే రాచపుండు తలపునకు వచ్చును. కాని ఇందు పైకి పుండేదియు కనబడదు. కావున లక్షణములు తెలిసియుండుట అవసరము.

మూలుగ మూడు విధముల కణములను పుట్టించును. ఎఱ్ఱకణములు ప్రాణవాయువును మోయును. తెల్లకణములు రోగక్రిములతో పోరాడును. ప్లేట్‌లెట్లు గాయమైనచోట నెత్తురును కట్టించును. ల్యుకేమియాలో పక్వముకాని తెల్లకణములు మితిమీరి పెరిగి, కలుపు పైరును అణచినట్లు, తక్కినవానికి చోటులేకుండ జేయును. ఎఱ్ఱకణములు తగ్గుటచే బిడ్డ పాలిపోవును; నాలుగడుగులు నడచిన ఆయాసపడును. మంచి తెల్లకణములు కొఱవడుటచే జ్వరము మాటిమాటికి వచ్చును. ప్లేట్‌లెట్లు తగ్గుటచే చిగుళ్లనుండియు ముక్కునుండియు నెత్తురు కారును. దెబ్బ తగులకయే చర్మముపై నీలిమచ్చలు, ఎఱ్ఱని చుక్కలు కనబడును. ఎముకల నొప్పి, మెడలోను చంకలలోను బిళ్లలు కట్టుట, కడుపు ఉబ్బుట కూడ కలుగవచ్చును.

ఇవి కనబడినంతనే భయపడరాదు. ఆహారలోపము వలనను డెంగీ వలనను ఇట్టి లక్షణములు కొన్ని కలుగును. రక్తకణముల లెక్క తీయించినచో అనుమానము కలుగును లేదా తగ్గును. తుంటి ఎముకనుండి మూలుగను తీసి పరీక్షించుటచే వ్యాధి నిశ్చయమగును.

ఇది నయమగునా? పూర్వము ఈ పిల్లలు కొలది వారములలోనో నెలలలోనో మరణించెడివారు. 1895లో భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు నాయకత్వము వహించిరి. కణములు వృద్ధిచెందుటకు ఫోలిక్ ఆమ్లమను విటమిను కావలయును. దానినే పోలియుండి దాని పనిని అడ్డగించు ఎమినాప్టెరిన్ అను మందు వారి బృందము నుండి వెలువడెను. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకీయగా 10 మందికి గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. అయితే ఆ గుణము తాత్కాలికమే. కొన్ని నెలలకు వ్యాధి మరల తలయెత్తెను.

ఇందు గ్రహింపవలసినది ఒక్కటే. వ్యాధి అణగుట వేరు, నయమగుట వేరు. పిల్లలలో అధికముగా కనబడు లింఫోబ్లాస్టిక్ రకమునకు చికిత్స ప్రారంభించిన నెలకే చాలమంది తేరుకొని ఆటలాడుదురు. కాని కంటికి దొరకని కణములు కొన్ని మిగిలియుండును. కనుకనే అనేకమైన మందులను కలిపి రెండు మూడు సంవత్సరములు ఇత్తురు. ఎమినాప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికిని వానిలో నొకటి. ఇట్లు పూర్తి చికిత్స పొందినవారిలో, సంపన్న దేశములందు, నూటికి సుమారు 90 మంది పిల్లలు బ్రతుకుచున్నారు. ఒకటి మొదలు పది యేండ్లలోపు వయస్సు, ఆరంభమున తెల్లకణముల సంఖ్య తక్కువగా నుండుట, మందులకు త్వరగా లొంగుట శుభసూచనలు. మన దేశమున ఫలితము అంతకు తక్కువ. ఆలస్యముగా వచ్చుట, రోగక్రిములు సోకుట, చికిత్సను నడుమ మానుట ఇందుకు ముఖ్యకారణములు.

పాండూరు ప్రాంతమువారికి తూర్పున చెన్నపట్టణములో 1954లో ఆరంభమైన అడయారు క్యాన్సర్ సంస్థ కలదు. పడమట వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో, అవసరమైనవారికి, 1986 నుండి మూలుగ మార్పిడియు జరుగుచున్నది.

ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. జుట్టు రాలి బడికి వచ్చిన తోటివానిని ఎగతాళి చేయక ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మీకు జలుబు చేసిననాడు మాత్రము దూరముగా నుండుడు. తల్లిదండ్రులారా! చికిత్సాకాలమున బిడ్డకు జ్వరము వచ్చినచో తెల్లవారువఱకు ఆగక ఆసుపత్రికి చేర్పుడు. కోతలకనియో, అప్పులకు వెఱచియో, బిడ్డ ఆడుకొనుచున్నాడు గదా యనియో మందు మానకుడు. డబ్బు చాలనిచో ఆ మాట ముందుగా వైద్యునితో చెప్పి, ప్రభుత్వ బీమా వివరములడుగుడు.