చెకరింగ్ (లోహపు పిడి)

పిస్టలు పిడి యొక్క లోహభాగంపై నిలువుగానూ, అడ్డంగానూ సన్నని గాడులు కోసి, వాటి మధ్య వరుసలుగా చిన్న మొనలు నిలిచేలా చేసే పనిని చెకరింగ్ అంటారు. చెమట, నూనె అంటిన చేతిలో కూడా పిడి జారకుండా ఉండడం దీని ముఖ్య ప్రయోజనం. తెలుగులో దీనికి దగ్గరి మాట కక్కు. గోదావరి జిల్లాల్లో వరికోతకు వాడే కక్కు కొడవలి పళ్ళకూ, తిరగలి రాతిపై ఉలితో కొట్టే గంట్లకూ ఈ పేరే ఉంది.

ఉపయోగం

తుపాకీ పేలినపుడు పిడి వెనుకకు తన్ని, చేతిలో కదులుతుంది. అడ్డగీతలు మాత్రమే ఉంటే అవి పైకీ కిందికీ జారడాన్ని ఆపుతాయి గాని, పక్కకు తిరగడాన్ని ఆపలేవు. నిలువుగీతలు ఇందుకు విరుద్ధం. రెండూ ఖండించుకొన్నపుడు ఏర్పడే మొనలు అరచేతి చర్మంలో కొద్దిగా దిగబడి, అన్ని దిశల్లోనూ పట్టునిస్తాయి.

జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఎం1911 పిస్టలును అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించింది. తొలినాళ్ళలో దాని చెక్క పలకలపై గళ్ళు ఉండేవి గాని, వేళ్ళు చుట్టుకొనే ముందుభాగపు ఉక్కు నునుపుగానే ఉండేది. తరువాతి కాలంలో గురిపోటీల్లో పాల్గొనేవారు ఆ భాగానికి చెకరింగ్ చేయించుకోవడం వాడుకలోకి వచ్చింది.

కొలతలు

చెకరింగును అంగుళానికి ఎన్ని గీతలు అనే లెక్కతో చెబుతారు. 20, 30, 40 గీతలవి సాధారణం. 20 గీతలదానిలో గాడికీ గాడికీ మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు, ఒక చదరపు అంగుళంలో 400 మొనలు వస్తాయి. 30 గీతలదానిలో 900 మొనలు వస్తాయి. గాడి కోణం 90 డిగ్రీలైతే పూర్తి లోతు ఆ దూరంలో సగం ఉంటుంది. అంటే 20 గీతలకు సుమారు 0.64 మి.మీ., 30 గీతలకు 0.42 మి.మీ., 40 గీతలకు 0.32 మి.మీ. కాబట్టి ముతక చెకరింగుకు మందమైన లోహం కావాలి. పలుచని ఫ్రేముపై ముతక గీతలు కోస్తే అది బలహీనపడుతుంది.

పనితీరు

ఇందుకు వాడే ప్రత్యేకమైన ఆకురాయిపై సమాన దూరంలో సమాంతరమైన పళ్ళ వరుసలు ఉంటాయి. విడిభాగాలన్నీ తీసివేసిన ఫ్రేమును మెత్తని దవడలు గల పట్టుకర్రలో బిగించి, హద్దులు గుర్తిస్తారు. తొలి గాడులను లోతు లేకుండా తేలికగా కోస్తారు. తరువాత ఆకురాయిని పక్కకు జరిపి, ఒక వరుసను కోసిన గాడిలోనే నడిపిస్తే మిగిలిన వరుసలు కొత్త గాడులు కోస్తాయి. అనగా ప్రతి గాడీ తరువాతి గాడికి దారి చూపుతుంది.

ఈ పనిలోని సౌలభ్యమూ, ప్రమాదమూ ఇదే. మొదటి గీత ఏటవాలైతే, దానిని అనుసరించే గీతలన్నీ ఏటవాలుగానే సాగుతాయి. పిడి ముందుభాగం గుండ్రంగా ఉండడం వలన చదునైన ఆకురాయి ఒకసారికి కొన్ని గాడులనే తాకుతుంది. దానిని క్రమంగా వంచుతూ చుట్టూ పోవాలి. అడ్డగీతలు కూడా పూర్తయ్యాక, సన్నని ముక్కోణపు ఆకురాయితో ఒక్కొక్క గాడినీ లోతు చేస్తారు. మొన పైనున్న చదును మాయమైన వెంటనే ఆపాలి. ఇంకా కోస్తే ఆ మొన పొరుగు మొనలకంటే పొట్టిదవుతుంది. పోయిన లోహం తిరిగి రాదు గనుక, ఒక్క మొనను సరిచేయాలంటే మిగిలిన వరుసలన్నిటినీ దానితో సమానంగా తగ్గించవలసి వస్తుంది.

పని పూర్తయిన తరువాత ఉక్కుకు తుప్పు పట్టకుండా పూత వేయాలి. అల్యూమినియం ఫ్రేమయితే కోతవలన పోయిన గట్టి పైపొరను మళ్ళీ ఏర్పరచాలి.

నర్లింగుతో భేదం

విద్యార్థులు ప్రయోగశాలలో వాడే స్క్రూగేజి తలపై కనిపించే గరుకు గీతలు సాధారణంగా నర్లింగ్ వలన ఏర్పడినవి. లేతుపై తిరిగే వస్తువుకు గట్టి చక్రాలను అదిమి వాటిని ముద్రిస్తారు. పిడి లేతుపై తిరిగే ఆకారం కాదు కనుక ఆ పద్ధతి దీనికి కుదరదు. నేడు కంప్యూటరు నియంత్రిత యంత్రాలు కూడా చెకరింగ్ కోస్తున్నాయి.

చట్టం

భారతదేశంలో ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షను ప్రకారం తుపాకుల తయారీకి, మరమ్మతుకు లైసెన్సు తప్పనిసరి.