వాట్సప్‌ సాక్ష్యం చెబితే...

'మామా, సరుకు ఉందా?'
'ఉంది, వచ్చెయ్‌!'

కుర్రాళ్ల వాట్సప్‌ గ్రూపుల్లో ఇలాంటి మాటలు సరదాగా దొర్లిపోతుంటాయి. 'సరుకు' అంటే బిర్యానీ కావచ్చు, పరీక్ష నోట్సూ కావచ్చు. కానీ ఆ గ్రూపులో ఒక్కరు గంజాయితో పట్టుబడ్డారనుకోండి... ఆ రెండు ముక్కలకీ అర్థమే మారిపోతుంది!

మనదేశంలో మాదకద్రవ్యాల కేసులు 1985నాటి ఎన్‌డీపీఎస్‌ చట్టం కింద నడుస్తాయి. ఎంత దొరికిందన్నదే అందులో కీలకం. గంజాయి కిలో వరకూ అయితే స్వల్ప పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. శిక్ష ఆ లెక్కనే పెరుగుతుంది. మరి, దగ్గర ఏమీ దొరకని మనిషి సంగతి? ఫోన్‌ రంగంలోకి వచ్చేది అక్కడే. అదే చట్టంలోని 29వ సెక్షన్‌ ప్రకారం కుట్రలో పాలుపంచుకున్నా అసలు నేరానికి పడే శిక్షే పడుతుంది. ఆ లంకె కోసం అధికారులు చాటింగులు తిరగేస్తారు.

ఒకే చాటింగ్‌.. రెండు తీర్పులు

2021 అక్టోబరు 2న ముంబయిలో ఓ విహార నౌక మీద నార్కోటిక్స్‌ కంట్రోల్‌ బ్యూరో దాడి చేసింది. మర్నాడు షారుక్‌ ఖాన్‌ కుమారుడు ఆర్యన్‌ను అరెస్టు చేసింది. అతని దగ్గర మత్తుమందేదీ దొరకలేదు. అయినా వాట్సప్‌ సంభాషణల్ని ఎత్తిచూపుతూ అక్టోబరు 20న ప్రత్యేక కోర్టు బెయిలు నిరాకరించింది. ఎనిమిది రోజులకు బాంబే హైకోర్టు బెయిలిచ్చింది. అవే సంభాషణల్లో కుట్ర పన్నారనడానికి అభ్యంతరకరమైనదేదీ కనిపించలేదంది. తగిన సాక్ష్యాలు లేవంటూ 2022 మే 27న బ్యూరో ఛార్జిషీటులో అతని పేరు చేర్చలేదు.

అంటే చాటింగ్‌ ఒక్కటే నేరాన్ని రుజువు చేయలేదు. కానీ దాదాపు నాలుగు వారాలు నిర్బంధంలో ఉంచగలిగింది. మరో విషయం... కేసు గురించి సోషల్‌ మీడియాతో సహా ఏ మీడియాలోనూ మాట్లాడకూడదన్నది ఆ బెయిలు షరతుల్లో ఒకటి. 'నేనేం తప్పు చేయలేదు' అని పోస్టు పెట్టినా చిక్కే!

డిలీట్‌ చేస్తే పోతుందా?

పోదు. మన ఫోన్‌లో చెరిపేసినా అవతలివాళ్ల ఫోన్‌లో ఉండొచ్చు. ఫోరెన్సిక్‌ ల్యాబులు కొన్నిసార్లు చెరిపేసినవాటినీ వెలికితీస్తాయి. పైగా కేసు నుంచి తప్పించడానికి సాక్ష్యాన్ని మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్‌ కింద మరో నేరం.

అలాగని స్క్రీన్‌షాట్‌ చూపించగానే కోర్టు నమ్మేయదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్‌ ప్రకారం ఇలాంటి నకళ్లకు ధ్రువపత్రం జతచేయాలి. ముందూ వెనకా మాటలతో కలిపి చూస్తే అదే సంభాషణ నిందితుడికి అనుకూలంగానూ మారొచ్చు. చెరిపేసుకుంటే ఆ అవకాశమూ పోతుంది.

ఇంట్లో చెప్పాల్సిన మాటలు

* మత్తుమందుల ఫొటోలు, బేరాలు వచ్చే గ్రూపుల్లో 'చూస్తే ఏమవుతుందిలే' అని కొనసాగకూడదు. వెంటనే బయటికి రావాలి.

* స్నేహితుడు అడిగాడని దేనికో తెలియకుండా ఫోన్‌పేలో డబ్బు పంపకూడదు. ఆ లావాదేవీ కూడా రికార్డే.

* పోలీసులు పిలిస్తే ఫోన్‌ తుడిచేయడం కాదు, న్యాయవాదిని సంప్రదించాలి. అరెస్టయిన వ్యక్తికి ఆ హక్కు రాజ్యాంగమే ఇచ్చింది.

* అలవాటు నిజంగానే ఉంటే దాచిపెట్టొద్దు. స్వల్ప పరిమాణంతోనో, వాడకంతోనో కేసులో చిక్కుకున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరితే 64ఎ సెక్షన్‌ విచారణ నుంచి మినహాయింపునిస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే అది రద్దుకావచ్చు. సలహాకు జాతీయ హెల్ప్‌లైన్‌ 14446 ఉంది.

మెసేజ్‌ కొట్టడానికి పట్టేది రెండు సెకన్లు. ముంబయి కేసులోంచి ఒక పేరు తొలగడానికి దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. పేరున్న న్యాయవాదుల్ని పెట్టుకోగలిగిన ఇంటికే అంత కాలం పడితే... మామూలు కుటుంబం మాటేమిటి? ఈ లెక్క పిల్లలకు ఫోన్‌ కొనిచ్చే రోజే చెప్పాలి!