వీలునామా ఉంది సరే, వెంటిలేటర్ మాటేమిటి?

అద్దంకి చుట్టుపక్కల ఊళ్లలో వీలునామా తెలియనివాళ్లు ఉండరు. మిర్చి చేను పెద్దాడికి, పత్తి చేను చిన్నాడికి, ఇంటిస్థలం కూతురికి అని పెద్దవాళ్లు ఓపిక ఉండగానే రాయించి బీరువాలో పెడుతున్నారు. మంచిదే. అయితే ఆ కాగితం బలం స్టాంపుల్లో ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉన్నది సాక్షుల్లో.

తెల్లకాగితం మీద రాసిన వీలునామా కూడా చెల్లుతుంది. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ మన ఇష్టం. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం రాసినవారు సంతకమో వేలిముద్రో వేయాలి, ఇద్దరు సాక్షులు వారి ఎదుటే సంతకాలు చేయాలి. బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే లెక్క. కొడుకుకి దాన సెటిల్‌మెంట్ రాసి రిజిస్టరు చేస్తే అంత తేలిగ్గా వెనక్కి రాదు. తేడా తెలియక సంతకం పెట్టి బాధపడేవాళ్లు ఉన్నారు. ముస్లింల దారి వేరు. వారి ధర్మశాస్త్రం ప్రకారం అప్పులూ ఖర్చులూ పోగా మిగిలినదాంట్లో మూడోవంతు వరకే వీలునామాతో ఇవ్వగలరు, అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి.

ఇక ప్రొబేటు. ఈ వీలునామా నిజమైనదేనని కోర్టు పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రం అది. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లోని ఆస్తులకు దశాబ్దాలపాటు తప్పనిసరిగా నడిచింది. మన జిల్లాల భూములకు ఆ అవసరం లేదు. హమ్మయ్య అనుకోవద్దు, ఆ పరీక్ష తగువు వచ్చేదాకా వాయిదా పడుతుందంతే. పాస్ పుస్తకంలో పేరు మార్చమని వెళ్లినప్పుడు తోబుట్టువులెవరైనా అడ్డం తిరిగితే, వ్యవహారం చివరికి సివిల్ కోర్టులోనే తేలాలి. అక్కడ ఇద్దరు సాక్షుల్లో కనీసం ఒకరు బోనెక్కి ‘ఆయన నా ఎదుటే సంతకం పెట్టారు’ అని చెప్పాలి. రిజిస్టరైన వీలునామాకూ ఇది తప్పదు. ముప్పై ఏళ్లు దాటిన దస్తావేజులను సాక్షి లేకున్నా నిజమైనవిగా అనుకునే వెసులుబాటు వీలునామాకు వర్తించదని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

అందుకే డెబ్బై ఏళ్లాయన తన ఈడు స్నేహితుణ్ణి సాక్షిగా పెట్టుకోవడం తెలివైన పని కాదు. రేపు కోర్టు పిలిచేనాటికి ఆయన ఉండాలి కదా! వయసులో చిన్నవారు, ఆస్తిలో పైసా రానివారు కావాలి. ఎక్కువ వాటా వచ్చే కొడుకే లేఖరిని పిలిచి, తండ్రిని కారెక్కించి, రిజిస్ట్రారు ఆఫీసులో పక్కనే నిలబడితే, ఆ శ్రద్ధే అనుమానానికి తావిస్తుంది. ఇలాంటి అనుమానాలను వీలునామా చూపించినవాళ్లే తీర్చాలని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్నే కోర్టులు నేటికీ పాటిస్తున్నాయి.

మన వీలునామాల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: ‘నా భార్య బతికినన్నాళ్లూ అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులకు చెందవలెను.’ చూడ్డానికి తేటగానే ఉంటుంది. కానీ భార్యకు అప్పటికే ఉన్న భరణపు హక్కుకు బదులుగా ఆస్తి ఇస్తే, పరిమితులు రాసినా 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద అది ఆమెకు సంపూర్ణ హక్కు అవుతుంది. 1977లో ఇలా తేల్చిన తులశమ్మ కేసు మన ఆంధ్ర నుంచి వెళ్లిందే. ఆ వాక్యం రాసేముందు వకీలును అడగడం మేలు.

ఇంత జాగ్రత్తపడినా, వీలునామాకు ప్రాణం వచ్చేది మనం పోయాకే. అంతకుముందు ఒంగోలులోనో గుంటూరులోనో ఐసీయూలో పడుకుని ఉన్న రోజుల్లో అది పనికిరాదు. ఒక్కోసారి ఆ బిల్లు కట్టడానికే వీలునామాలో రాసిన ఎకరం అమ్ముతారు. అమ్మేశాక ఆ ఎకరం రాయించుకున్న బిడ్డకు మిగిలేది కాగితమే. ఇంట్లోనే పోవాలని, చివర తులసితీర్థం గొంతులో పడాలని కోరుకున్న మనిషి గొంతులో గొట్టం ఉంటుంది. తీయమని చెప్పే ధైర్యం ఏ ఒక్క బిడ్డకూ ఉండదు, రేపు మిగతావాళ్లు ఏమంటారోనని.

ఎలా పోవాలో తానే చెప్పాలన్న కోరిక ఒకసారి కోర్టుదాకా వెళ్లింది. 2004 డిసెంబరులో హైదరాబాదులో వెంకటేశ్ అనే 25 ఏళ్ల యువకుడు, కండరాల క్షీణతతో మంచాన పడి, అవయవాలు పాడవకముందే దానం చేసి వెళ్లిపోతానని కోరాడు. తల్లి సుజాత హైకోర్టు తలుపు తట్టారు. చట్టంలో దారి లేదని కోర్టు కాదంది, కొద్ది రోజుల్లోనే అతను కన్నుమూశాడు. ప్రాణం తీసే ఇంజెక్షనుకు ఈనాటికీ దారి లేదు. కానీ కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాలతో ఊపిరి పొడిగించవద్దని ముందే రాసిపెట్టే హక్కును 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గుర్తించింది. దీన్నే లివింగ్ విల్ అంటున్నారు.

మొదట పెట్టిన పద్ధతి ఎంత చిక్కుగా ఉండేదంటే, మేజిస్ట్రేటు సంతకం కోసం తిరగడానికే ఓపిక చాలేది కాదు. 2023 జనవరిలో దాన్ని సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరింపజేస్తే చాలు. ఒక ప్రతి ఇంట్లోవాళ్లకు, ఒకటి ఇంటి డాక్టరుకు, ఒకటి మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో నియమిత అధికారికి ఇవ్వాలి. అవసరం వచ్చినప్పుడు ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు, దానిపై జిల్లా వైద్యాధికారి సూచించిన డాక్టరున్న రెండో బోర్డు చూసి ఒప్పుకుంటేనే చికిత్స ఆపుతారు. ఆపేముందు మేజిస్ట్రేటుకు తెలియజేస్తారు. నొప్పి తగ్గించే మందులు, సేవ మాత్రం ఆపరు.

ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో తేల్చాలి. వ్యవధి అంత తక్కువ కాబట్టి ఇంకో జాగ్రత్త కావాలి. లివింగ్ విల్‌లో మన తరఫున మాట్లాడేవారి పేరు రాయాల్సినచోట అందరూ పెద్దకొడుకు పేరే రాస్తారు, అతను డల్లాస్‌లో ఉంటాడు. సుప్రీంకోర్టు సడలించిన పద్ధతి ఒకరి కంటే ఎక్కువమంది పేర్లు రాయనిస్తుంది. అందులో ఒకరు అర్ధరాత్రి ఫోను చేసినా గంటలో ఆసుపత్రికి చేరగలిగినవారు కావాలి. మేనల్లుడైనా, చెల్లెలైనా సరే. ఆ పేరు రాసేముందు వాళ్లను కూర్చోబెట్టి, మనకేం కావాలో విప్పి చెప్పాలి.