ఎర్ర బల్బు వెలుగులో తేలిన ముఖాలు

పార్వతీపురం: ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తరుగుతుందని పల్లెల్లో ముసలివాళ్లు గట్టిగా నమ్మేవారు. కెమెరా కనిపిస్తే పసిపిల్లలను కొంగుచాటు చేసేవారు. అందువల్ల ఎందరికో బతికుండగా ఒక్క ఫొటో కూడా లేదు. మనిషి పోయాక శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ బంధువులు నిలబడి తీయించుకున్నదే కొన్ని ఇళ్లలో మొదటి ఫొటో, ఆఖరి ఫొటో.

శ్రీకాకుళం ఏజెన్సీ పల్లెల్లో దీనికి మరో భయం తోడైంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న కోరన్న, మంగన్నలను లేవిడి వద్ద భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత గిరిజన రైతాంగ పోరాటం సాయుధ పోరాటమైంది. 1970 జులై 10న నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆ రోజుల్లో గోడకున్న ఫొటోయే సాక్ష్యమవుతుందేమోనని బెదురు. కొడుకు పక్కన నిలబడిందెవరని అడిగితే ఏం చెప్పాలి? కొందరు ఫొటోలను పొయ్యిలో వేశారని, కొందరు గాదెల్లో దాచారని చెబుతారు.

ఇంట్లో పోయిన ముఖం స్టూడియో అట్టపెట్టెలో నెగటివ్‌గా మిగిలి ఉండవచ్చు. అందులో జుట్టు తెల్లగా, ముఖం నల్లగా ఉంటుంది. డార్క్ రూములో ఎర్ర బల్బు కింద కాగితాన్ని డెవలపర్ నీళ్లలో ముంచి ట్రేను మెల్లగా కదిపేవారు. ముందు జుట్టు, మీసం, కనుపాపలు తేలేవి. ముఖం ఆ తర్వాత నెమ్మదిగా వచ్చేది. తర్వాత హైపోలో వేసి, మంచినీళ్లలో బాగా కడగాలి. ఎండాకాలం నీటి ఎద్దడిలో ఆ కడుగుడు తగ్గితే కొన్నాళ్లకు ఫొటో పచ్చబడిపోయేది.

కలర్ ల్యాబులు వచ్చాక చీకటి గదులు మూతపడ్డాయి. నెగటివ్‌లను వెండి తీసేవారికి తూకానికి అమ్ముకున్నవారూ ఉన్నారు. తీరప్రాంతపు చెమ్మకు ఫిల్ము బూజు పడుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లకు తడిసిన ఇళ్లకు లెక్కలేదు.

శ్రీకాకుళంలో 1997లో ఏర్పడిన కథానిలయంలో కథకుల ఫొటోలు గోడలకు భద్రంగా ఉన్నాయి. పల్లె జనం ముఖాలకు అలాంటి చోటు ఏదీ?

నిజానికి ఇప్పుడు చీకటి గది కూడా అక్కర్లేదు. నెగటివ్‌ను తెల్లని వెలుగుకు ఎదురుగా పెట్టి సెల్‌ఫోనుతో తీసి, తెలుపు నలుపులు తిరగేస్తే ముఖం వస్తుంది. అది ఎవరిదో చెప్పేవారు మాత్రం ఉండాలి. 1970లో 20 ఏళ్లున్నవారు ఇప్పుడు 70 దాటారు.