మౌంటెన్ బైక్ గ్రిప్పులు: మెత్తదనం చివరి సంగతి

సైకిల్ షాపులో గ్రిప్పులు కొనేవాళ్లను కాసేపు గమనించండి. బొటనవేలితో నొక్కి చూస్తారు. రబ్బరు మెత్తగా దిగితే బాగుందంటారు. రంగు నచ్చితే డబ్బులిచ్చి వెళ్లిపోతారు. పాల ప్యాకెట్‌కీ, ట్యూషన్‌కీ వెళ్లొచ్చే సైకిల్‌కైతే ఆ పరీక్ష చాలు. రాళ్ల మీద, వేర్ల మీద, మట్టి దిగుళ్లలో తొక్కే మౌంటెన్ బైక్‌కు మాత్రం చాలదు. దిగుడులో మనిషి సీటు మీద కూర్చోడు, పెడళ్ల మీద లేచి నిలబడతాడు. అప్పుడు బండిని తాకి ఉండేవి రెండు పాదాలూ రెండు అరచేతులే. ఆ అరచేతులే హ్యాండిల్ తిప్పాలి, వేళ్లు బ్రేకు నొక్కాలి, ముందు చక్రానికి తగిలిన ప్రతి దెబ్బనూ కాచుకోవాలి.

అందుకే నా లెక్కలో ముందు చూడాల్సింది గ్రిప్పు లావు. తరవాత అది హ్యాండిల్‌ను ఎలా పట్టుకుని ఉంటుందన్నది. మెత్తదనం చివరి సంగతి.

లోపలి కొలతతో పెద్దగా పేచీ ఉండదు. మౌంటెన్ బైక్ హ్యాండిల్ గ్రిప్పు ఎక్కే చోట 22.2 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. ఏ కంపెనీ బండి అయినా దాదాపు ఇదే కొలత. హ్యాండిల్ నడుమ, స్టెమ్ పట్టుకునే చోట 31.8 లేదా 35 మిల్లీమీటర్లు ఉండొచ్చు, దానికీ గ్రిప్పుకీ సంబంధం లేదు. కొమ్ముల్లా వంగిన రోడ్ బైక్ హ్యాండిల్ అయితే 23.8 మిల్లీమీటర్లు, దానికి ఈ గ్రిప్పులు పనికిరావు. చిన్నపిల్లల సైకిళ్లలో కొన్నిటికి హ్యాండిల్ ఇంకా సన్నంగా ఉంటుంది. అనుమానముంటే పాత గ్రిప్పు తీసి కాగితం ముక్క చుట్టి కొలవండి. చుట్టుకొలత 70 మిల్లీమీటర్లు వస్తే మామూలు మౌంటెన్ బైక్ గ్రిప్పు సరిపోతుంది.

అసలు తేడా బయటి లావులో ఉంది. బజారులో దొరికేవి ఎక్కువగా 29 నుంచి 34 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. అయిదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ చేతి వేళ్లు కొలిచేది వ్యాసాన్ని కాదు, చుట్టుకొలతను. 30 మిల్లీమీటర్ల గ్రిప్పు చుట్టూ వేళ్లు 94 మిల్లీమీటర్లు తిరగాలి. 34 అయితే 107. పొట్టి వేళ్లవాళ్లకు ఆ తేడా గంట తొక్కేసరికి ముంజేతిలో తెలుస్తుంది. గ్రిప్పు మరీ లావైతే వేళ్లు చుట్టూ అందవు, జారిపోతుందేమోనని గట్టిగా బిగిస్తారు. మరీ సన్నమైతే పిడికిలి పూర్తిగా మూసుకుపోయి, ఆనే జాగా తక్కువై అక్కడా బిగించాల్సే వస్తుంది. రెండు దారులూ ముంజేతి కండరాలు రాయిలా గట్టిపడి బ్రేకు నొక్కడానికి వేళ్లు మొరాయించే స్థితికే చేరతాయి.

షాపులోనే చూసుకోగల పద్ధతి ఒకటుంది. గ్రిప్పును మామూలుగా, బిగించకుండా పట్టుకోండి. మధ్యవేలి కొన బొటనవేలి కింది కండను ఇంచుమించు తాకుతూ ఉండాలి. గోరు ఆ కండలో గుచ్చుకుంటుంటే సన్నం. కొనకూ కండకూ మధ్య ఇంకో వేలు పట్టేంత ఎడం ఉంటే లావు. గ్లవ్స్ వేసుకునే అలవాటుంటే అవి వేసుకునే చూడాలి, గ్లవ్స్ గుడ్డ కూడా లావును కొంత పెంచుతుంది.

ఇక బిగింపు. గ్రిప్పుల్లో ప్రధానంగా రెండు జాతులున్నాయి. మొదటిది ఒట్టి రబ్బరు గొట్టం, హ్యాండిల్ మీదికి తోసేస్తే తన బిగువుతోనే నిలబడుతుంది. రెండోది లాక్ ఆన్. ఇందులో రబ్బరు లోపల గట్టి ప్లాస్టిక్ గొట్టం, చివర లోహపు రింగు, దానికి చిన్న బోల్టు ఉంటాయి. అలెన్ కీతో ఆ బోల్టు తిప్పితే రింగు హ్యాండిల్‌ను కరుచుకుంటుంది.

తోసే రకాన్ని ఎక్కించడం ఇరుకు గాజులు తొడిగినంత పని. గాజులకైతే సబ్బునీళ్లు వాడతారు, గ్రిప్పుకు వాడితే ఆ జారుడు లోపలే ఉండిపోతుంది. నూనె సంగతి చెప్పనే అక్కర్లేదు. మందుల షాపులో దొరికే స్పిరిట్ ఉత్తమం. గ్రిప్పు లోపల కాస్త పోసి, హ్యాండిల్‌కూ రాసి, ఆగకుండా ఒక్క ఊపున తోసెయ్యాలి. స్పిరిట్ ఆవిరైపోయాక రబ్బరు లోహాన్ని అంటుకుని ఉంటుంది. రాత్రంతా వదిలేసి మర్నాడు తొక్కండి. తీసేటప్పుడు కూడా అదే స్పిరిట్. సన్నటి పుల్లతో అంచు లేపి, సందులో పోసి మెలితిప్పితే ఊడొస్తుంది.

ఇంత చేసినా తోసే రకానికి ఒక బలహీనత ఉంది. వానలోనో, బండి కడిగేటప్పుడో నీళ్లు సందులోకి దూరితే గ్రిప్పు హ్యాండిల్ మీద గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది. చదును రోడ్డు మీద అది చిరాకు. ఏటవాలు దిగుడులో, బరువంతా చేతుల మీద ఉన్నప్పుడు గ్రిప్పు గిర్రున తిరిగితే మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. మోటోక్రాస్ బండ్లలో గ్రిప్పు చుట్టూ సన్నని తీగ బిగించి కట్టేది ఈ భయానికే. సైకిళ్లలో ఈ చిక్కుకు విరుగుడుగా వచ్చిందే లాక్ ఆన్. దాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది అమెరికా కంపెనీ ఓడీఐ.

మరి లాక్ ఆన్‌లో లోపం లేదా అంటే, ఉంది, అది పైకి కనిపించదు. 30 మిల్లీమీటర్ల గ్రిప్పులోంచి 22.2 మిల్లీమీటర్ల హ్యాండిల్ తీసేస్తే చుట్టూ మిగిలే గోడ మందం 3.9 మిల్లీమీటర్లు. తోసే రకంలో అదంతా రబ్బరే. లాక్ ఆన్‌లో అందులోంచే ప్లాస్టిక్ గొట్టానికి వాటా పోతుంది. అంటే ఒకే లావున్న రెండు గ్రిప్పుల్లో లాక్ ఆన్ చేతికి గట్టిగా తగులుతుంది. సన్నటి లాక్ ఆన్ తీసుకుని చేతులు నొప్పెడుతున్నాయనేవాళ్ల సమస్య చాలాసార్లు రబ్బరు నాణ్యత కాదు, ఈ లెక్కే. రింగు విషయం కూడా చూడండి. రెండు చివరలా రింగులున్న రకంలో బయటి రింగు అరచేతి అంచు కింద గట్టిగా తగలొచ్చు. లోపలివైపు ఒకే రింగు ఉన్నది మేలు.

మూడో తరహా సిలికాన్ నురుగు గ్రిప్పులు. వీటిలో పేరున్నది ఈఎస్ఐ (మన ఈఎస్ఐ ఆసుపత్రులకూ దీనికీ చుట్టరికం లేదు). 30, 32, 34 మిల్లీమీటర్ల లావుల్లో దొరుకుతాయి. 32 రకం జత దాదాపు 60 గ్రాములు, లాక్ ఆన్ జత సాధారణంగా 100 దాటుతుంది. అదురును బాగా మింగుతాయి, దూరాలు తొక్కేవాళ్లకు ఇష్టం. కానీ బండిని గరుకు గోడకు చేరవేస్తే చివరలు చిరుగుతాయి, తడి బురదలో పట్టు తగ్గుతుంది. పదే పదే పడుతూ నేర్చుకుంటున్నవాళ్లకు నేనైతే చెప్పను.

ఉపరితలం విషయానికొస్తే మనవాళ్లకు వర్తించే ప్రశ్న ఒక్కటే: మీ చేతులకు చెమట పడుతుందా? విశాఖలోనో మచిలీపట్నంలోనో తొక్కుతూ లేదనేవాళ్లు ఎవరూ ఉండరు. ఉత్త చేతులతో పట్టేవాళ్లకు లోతైన గళ్లున్నవి, పలచటి రబ్బరు రేకులు నిలబెట్టినట్టున్నవి బాగుంటాయి. చెమట గాడుల్లోకి దిగుతుంది, చేయి గట్ల మీద ఆనుతుంది. నున్నటి గ్రిప్పు గ్లవ్స్‌తోనే బాగు.

ఇప్పుడు మెత్తదనం. రబ్బరు గట్టిదనాన్ని షోర్ ఎ అనే కొలతలో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ మెత్తన. మెత్తటి రబ్బరు చేతిని బాగా పట్టుకుంటుంది, చిన్న అదుర్లను మింగుతుంది, ఆ సుఖం నిజమే. అయితే అది తొందరగా అరుగుతుంది. మన ఎండకు ఇంకో ముప్పుంది. చవక సైకిళ్ల గ్రిప్పులు రెండు మూడు వేసవులు గడిచేసరికి జిగటగా మారి అరచేతికి నల్లగా అంటుకోవడం చూసే ఉంటారు. మనం రబ్బరు అనుకునేవాటిలో చాలావరకు అచ్చమైన రబ్బరు కావు, రబ్బరులా సాగే ప్లాస్టిక్ మిశ్రమాలు. మెత్తదనం కోసం వాటిలో కలిపిన నూనెల్లాంటి పదార్థాలు వేడికి పైకి ఊరతాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరను పాడుచేస్తాయి. డీట్ ఉన్న దోమల మందు రాసుకున్న చేతులతో పట్టినా కొన్ని మిశ్రమాలు చెడిపోతాయి. జిగట పట్టిన గ్రిప్పును సబ్బుతో కడిగితే కొన్నాళ్లు ఆగుతుందేమో గానీ బాగుపడదు, మార్చడమే.

తిమ్మిరి గురించి కొంచెం. చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారుతుంటే అరచేతి అంచున వెళ్లే అల్నార్ నాడి నలుగుతోందని అర్థం. జర్మనీ కంపెనీ ఎర్గాన్ ఆ అంచు కింద రెక్కలా వెడల్పైన గ్రిప్పులు చేసి పేరు తెచ్చుకుంది. కూర్చుని గంటల తరబడి సాఫీగా తొక్కేవాళ్లకు, ఉదాహరణకు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద తిరిగేవాళ్లకు, ఇవి హాయి. (మన దగ్గర మౌంటెన్ బైక్ పేరుతో అమ్ముడయ్యేవాటిలో చాలావాటికి స్పీడ్ బ్రేకరే పెద్ద కొండ. అందులో సిగ్గుపడాల్సింది లేదు, ఆ సంగతి ఒప్పుకుంటే గ్రిప్పు ఎంపిక తేలికవుతుంది.) రాళ్ల దిగుడులో మణికట్టు మాటిమాటికీ కోణం మారుస్తుంది, అక్కడ ఆ రెక్క అడ్డమే. ఏ గ్రిప్పు కొన్నా ముందు సీటు చూసుకోండి. దాని ముక్కు కిందికి వాలి ఉంటే శరీర బరువంతా చేతుల మీదికి జారుతుంది, ఆ తిమ్మిరిని ఏ రబ్బరూ తీర్చదు. బండి దిగిన తరవాత రోజులు గడిచినా మొద్దుబారుడు పోకపోతే వెళ్లాల్సింది సైకిల్ షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి.

మట్టిదారి మొదలుపెట్టినవాళ్లకు నా సలహా: లోపలివైపు ఒకే రింగున్న లాక్ ఆన్, చిన్న చేతులకు 30, పెద్ద చేతులకు 32 మిల్లీమీటర్ల దరిదాపు, పైన గళ్లు, మధ్యరకం మెత్తదనం. బోల్టును రింగు మీద అచ్చేసిన న్యూటన్ మీటర్ల అంకె దాటి బిగించకండి, కార్బన్ హ్యాండిల్ అయితే మరీ జాగ్రత్త. గొట్టం చివర్లు బిరడాతో మూసి ఉన్నాయో లేదో చూడండి, తెరిచిన గొట్టం అంచు పడినప్పుడు ఒంట్లో దిగుతుంది. బిగించాక రెండు గ్రిప్పులనూ బలమంతా పెట్టి ముందుకీ వెనక్కీ మెలితిప్పండి. కాస్త కదిలినా ఆ రోజు దిగుడు దారికి వెళ్లొద్దు.