క్రీడా నిర్వహణ విద్యార్థికి మార్గదర్శి

ఆటగాడి శరీరాన్ని, నైపుణ్యాన్ని తీర్చిదిద్దేది వ్యాయామ విద్య. ఆ ఆట సక్రమంగా జరగడానికి కావలసిన స్థలాన్ని, ధనాన్ని, మనుషులను, నియమాలను, ప్రేక్షకులను సమకూర్చి సమన్వయపరిచేది క్రీడా నిర్వహణ శాస్త్రం. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం మనలో ఇప్పటికీ ఉంది, ‘స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్’ చదువుతున్నానని చెప్పిన కుర్రవాణ్ణి, “అయితే పీఈటీ ఉద్యోగమా?” అని పెద్దలు అడగడం సాధారణమే. విశ్వవిద్యాలయ విషయంగా దీని వయస్సు కూడా తక్కువే. బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు అధిపతి వాల్టర్ ఒమాలీ, క్రీడాసంస్థలను నడపగల మనుషులను తయారుచేసే చదువు ఎక్కడుందని ఆచార్య జేమ్స్ మేసన్‌ను 1957లో ప్రశ్నించాడు; ఆ ప్రశ్నకు ఫలితంగా 1966లో అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో తొలి స్నాతకోత్తర కోర్సు ఆరంభమైంది.

పేరు కొత్తదైనా పని మన పల్నాటికి కొత్త కాదు. తిరునాళ్ళలో జరిగే ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలను ప్రేక్షకుడిగా కాక పరిశీలకుడిగా చూడండి. ఎడ్లను పళ్ళను బట్టి విభాగాలు చేయడం వర్గీకరణ. విభాగానికి తగిన బరువుగల బండను నిర్ణయించి, జతకు ఇంత సమయమని గడువు పెట్టి, లాగిన దూరాన్ని అడుగుల్లో కొలవడం ప్రమాణీకరణ. బహుమతులకు దాతలను వెదకి, వారి పేర్లు కరపత్రంలో అచ్చువేసి, మైకులో పలికించడం ప్రాయోజిత ధన సమీకరణ. టేపు పట్టినవాడు ఒక అడుగు తప్పుగా చెబితే బరి చుట్టూ నిలిచిన జనం ఊరుకోరు. తీర్పును ఇరుపక్షాలూ అంగీకరించే ఏర్పాటు లేని పందెం ఎంత దూరం పోగలదో, కోడిపోరును పల్నాటి యుద్ధకథలో భాగంగా విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు!

అయితే ఈ విజ్ఞానమంతా కమిటీ పెద్దల అనుభవంలో ఉంది గాని పాఠ్యగ్రంథంలో లేదు. దానిని విద్యార్థికి అందించే సంబంధమే మార్గదర్శకత్వం. ఉపాధ్యాయుడు విషయాన్ని బోధిస్తాడు, శిక్షకుడు ఒక నైపుణ్యాన్ని సానబెడతాడు. మార్గదర్శి తన అనుభవాన్ని, పరిచయాలను, పరపతిని ఒక వ్యక్తి వృత్తి వికాసం కోసం దీర్ఘకాలం వినియోగిస్తాడు. మన వాడుకలో ‘పెద్దదిక్కు’ అన్న మాట దీనికి చాలా దగ్గర. 1985లో వెలువడిన తన గ్రంథంలో మార్గదర్శకత్వ పరిశోధకురాలు కేథీ క్రామ్ ఈ సంబంధపు విధులను రెండుగా విభజించింది. నలుగురి దృష్టిలో పడే అవకాశం కల్పించడం, సామర్థ్యాన్ని పరీక్షించే పని అప్పగించడం, పదవికి పేరు ప్రతిపాదించడం, పొరపాటు జరిగినప్పుడు కాపాడటం మొదలైనవి వృత్తిపర విధులు. ఆదర్శంగా నిలవడం, సలహా చెప్పడం, స్నేహంగా స్వీకరించడం మనోసామాజిక విధులు.

క్రీడారంగంలో మొదటి తరగతి విధులకే ఎక్కువ విలువ ఉందని నా అభిప్రాయం. ఈ రంగంలో ఉద్యోగాలు అన్నీ ప్రకటనల ద్వారా భర్తీ కావు. టోర్నమెంటులో కుర్చీలు వేయించినవాణ్ణే మరుసటి ఏడు లెక్కలు చూడమంటారు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రతిపాదించిన ‘బలహీన బంధాల బలం’ అనే సూత్రం ఇక్కడ చక్కగా వర్తిస్తుంది: ఆప్తమిత్రులకు తెలిసిన సమాచారం చాలావరకు మనకూ తెలిసినదే, కొత్త వార్త దూరపు పరిచయస్థుల ద్వారా వస్తుంది. మాచర్ల విద్యార్థికి ఉన్న పదిమంది స్నేహితులకూ తెలిసినది మాచర్లే. విజయవాడలో శాప్ (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ) అధికారులను ఎరిగిన ఒక్క కళాశాల పీడీ (ఫిజికల్ డైరెక్టర్) ఆ గిరి దాటించగలడు.

ఈ సంబంధానికి ప్రారంభ, పోషణ, వియోగ, పునర్నిర్వచన దశలు నాలుగున్నాయని క్రామ్ చూపింది. వియోగ దశ మనకు కష్టం. గురువు మాట దాటరాదనే సంస్కారం వల్ల శిష్యుడు అదే నీడలో ఉండిపోతాడు. కొందరు గురువులకూ అదే ఇష్టం. అలా పట్టి ఉంచేది మార్గదర్శకత్వం కాదు, ఊడిగం. వృత్తిలో పాత్ర మారడం సహజమని గ్రహించడానికి మన పొరుగునే ఉదాహరణ ఉంది: గుంటూరుకు చెందిన ఎమ్మెస్కే ప్రసాద్ భారత జట్టు తరఫున 6 టెస్టులు, 17 వన్డేలు ఆడి, తరువాత ఆంధ్ర క్రికెట్ సంఘంలో నిర్వహణ బాధ్యతలు చేపట్టి, 2016లో జాతీయ ఎంపిక సంఘానికి అధ్యక్షులయ్యారు.

ఇక ఆచరణ. “నాకు దారి చూపండి” అని అడిగితే ఎంతటి పెద్దకైనా ఏం చెప్పాలో తోచదు. “ఈ పోటీల జమాఖర్చు పుస్తకం నేను రాస్తాను, తప్పులు దిద్దండి” అంటే పని, పాఠం ఒకేసారి మొదలవుతాయి. ఎంత వసూలైంది, పందిరికెంత, మైకుకెంత, పశువైద్యుడు అందుబాటులో ఉన్నాడా, నీళ్ళు ఏ వేళకు అయిపోయాయి, ఏ తీర్పు మీద తగాదా వచ్చింది, అది ఎలా తీరింది — ఇవన్నీ తేదీతో సహా రాసిన నోటుపుస్తకం ఇంటర్వ్యూ బల్లమీద యోగ్యతాపత్రంతో సమానంగా నిలుస్తుంది. ఆ రాతను సమీక్షించడానికి నెలకు ఒక గంట కేటాయించమని పెద్దలను కోరడంలో మొహమాటం అక్కరలేదు.

నరసరావుపేట, గురజాల, మాచర్ల కళాశాలల విద్యార్థులారా, వచ్చే తిరునాళ్ళలో ఎడ్ల బరి దగ్గరకు వెళ్ళినప్పుడు జనంలో నిలబడకండి. టేపు పట్టుకొన్న పెద్దాయన దగ్గరకు వెళ్ళి, రెండో కొస మీరు పట్టుకుంటామని అడగండి.