ఇనుము మందమైతే ప్రాణం భద్రమా?

అమరావతి నుంచి ఒంగోలు దాకా మన పల్లెల్లో అంబాసిడర్ అంటే పెద్దలకు ఇప్పటికీ మురిపెమే. కలెక్టరు గారు దిగినా, పెళ్లికొడుకు ఊరేగినా ఆ కారే. 1950ల నాటి ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో వచ్చిన దాని తయారీ 2014లో ఆగిపోయింది. "అది ఇనపబండి, ఇప్పటివి రేకు డబ్బాలు" అన్న మాట మనమంతా విన్నదే.

ఇది నిజమా? 2009లో అమెరికాలో 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 షెవర్లే మాలిబూను గంటకు సుమారు 64 కి.మీ. వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించారు. పాత కారులోని డ్రైవరు బొమ్మకు తగిలినవి ప్రాణం తీసే దెబ్బలు. కొత్త కారులోని బొమ్మకు కాలికి మాత్రమే గాయం.

కారణం మన ఫిజిక్స్ పాఠంలోనే ఉంది. గచ్చు మీద దూకితే కాలు విరుగుతుంది, పత్తి కుప్ప మీద దూకితే విరగదు. ఆగే దూరం పెరిగితే దెబ్బ బలం తగ్గుతుంది. కొత్త కారు ముందుభాగం నలిగి ఆ దెబ్బను తాను తీసుకుంటుంది. మనుషులు కూర్చునే భాగం మాత్రం గట్టిగా నిలుస్తుంది.

అలాగని కొత్తవన్నీ మంచివి కావు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షించిన, ఎయిర్‌బ్యాగులు లేని ఐదు భారతీయ చిన్నకార్లకు పెద్దల భద్రతలో ఒక్క స్టారూ రాలేదు. 2023లో మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయ్యాయి.

మిత్రులారా! మనలో చాలామంది ఇంట్లో మొదటి కారు కొనేది మనమే. అంబాసిడర్‌ను ప్రేమగా తలచుకుందాం. కొనేటప్పుడు మాత్రం రేకు మందం కాదు, స్టార్లు, ఎయిర్‌బ్యాగులు చూద్దాం. వెనక సీట్లో కూర్చున్న అమ్మానాన్నలకు కూడా బెల్టు పెడదాం.